నౌకకు పసుపు చార

ఇంకా పసుపు చార ఒక్కటే మిగిలింది. అదీ ముక్కు చుట్టూ జానెడు కూడా లేని చార. లారీ బంపర్ మీదైతే హైదర్ మాట్లాడుతూ మాట్లాడుతూనే లాగి అవతల పడేసేవాడు, వెనక్కి తిరిగి చూసేవాడు కూడా కాదు. కానీ ఇది లారీ కాదు, మూరెడు పొడవున్న ప్లాస్టిక్ అంతరిక్ష నౌక. నూట నలభై రెండు ముక్కలు. ఎండాకాలం సెలవుల్లో తండ్రీ కూతుళ్లు మొదలుపెట్టి, ముక్క ముక్కా అతికించుకుంటూ ఇక్కడిదాకా తెచ్చారు. కొత్తకోటలో హైవే పక్కన రేకుల షెడ్డు. బయట ఆషాఢపు గాలి దుమ్మెత్తి పోస్తోంది. తడి రంగు మీద ఒక్క ఇసుక రేణువు వాలినా ఇన్నాళ్ల పని పాడవుతుందని తలుపు వేసి, కింది సందులో తడి గోనెసంచి దోపి, బల్బు కిందికి లాక్కుని కూర్చున్నాడు. గోడ గడియారంలో మూడైంది. నాలుగింటికి అక్కడ పాలమూరు దవాఖానలో సుహానా నడుం ఎముకలోకి సూది దించుతారు. ఎముక లోపలి గుజ్జు తీసి చూస్తే గానీ రోగమేందో చెప్పలేమన్నారు. పదిహేడేళ్ల పిల్ల. ఆడవాళ్ల వార్డు కాబట్టి తల్లి రజియాబీ ఒక్కతే పక్కన ఉంది, హైదర్‌ను మూడు రోజుల కిందటే ఇంటికి పంపేశారు. వచ్చేటప్పుడు సుహానా మంచం మీంచే చెప్పింది: "నేనొచ్చేసరికి షిప్ అయిపోవాలె అబ్బా. చార నువ్వే వెయ్యి, నా చెయ్యి నిలుస్తలేదు." బస్సులో దారి పొడుగునా ఆ మాటల్లో మొదటి సగమే వల్లించుకుంటూ వచ్చాడు. రెండో సగం వినపడనట్టే ఉన్నాడు. గంట టైముంది. చార వెయ్యడానికి గంట ఎక్కువ, ఏమీ తలుచుకోకుండా కూర్చోవడానికైతే మరీ ఎక్కువ.

ఈ నౌక ఇంట్లోకి రావడమే ఒక తమాషా. ఇంటర్ మొదటేడు మార్కులు చూసి వనపర్తిలో ఉండే మేనమామ అఫ్జల్ ఏం కావాలో కోరుకొమ్మంటే, ఏ ఆడపిల్లయినా కమ్మలో గాజులో అడుగుతుంది, ఈ పిల్ల ప్లాస్టిక్ అడిగింది. ఫోన్‌లో ఎవరో ఎక్కడో ఇట్లాంటివి తయారుచేస్తుంటే రాత్రీ పగలూ చూసి చూసి మనసు పడింది. రజియాబీ నెత్తి కొట్టుకుంది. పెట్టె వచ్చాక విప్పి చూస్తే ఓడా లేదు గీడా లేదు, ప్లాస్టిక్ చట్రాలకు చిక్కుడు తీగకు కాయలు కాసినట్టు ముక్కలు వేలాడుతున్నాయి, ప్రతి ముక్క పక్కనా ఒక నంబరు. చేయవలసింది చూపించే పుస్తకంలో బొమ్మలున్నాయి గానీ అక్షరాలు ఏ దేశానివో తెలియలేదు. గోళ్లు తీసే కత్తెరతో ముక్కలు తుంపి, తుంపిన మచ్చను గరుకు కాగితంతో రుద్ది, సందుల్లో లప్పం నింపి, ఆ పని చూస్తుంటే హైదర్‌కు నవ్వొచ్చింది. బాడీ షెడ్డులో లారీకి చేసేదంతా ఇదే కదా. "ఇది లారీయే గదనే, ఆకాశంల తిరిగేది," అన్నాడు. "లారీయే అబ్బా. సరుకు ఏస్కొని చుక్కల నడుమ తిరుగుతది," అంది సుహానా సంబరంగా. ఇక అప్పటినుంచీ అతనికి అది లారీయే. వెనక మూడు ఇంజిన్లు, మధ్యలో సరుకు పెట్టెలు, ముందు అద్దాల గది, అందులో గోరంత డ్రైవరు.

ఒక్క తుప్పు దగ్గరే ఇద్దరికీ తగువు. నలభై ఏళ్లు తుప్పు కనపడకుండా చెయ్యడమే వృత్తిగా బతికిన మనిషిని పట్టుకుని, కొత్త బండికి తుప్పు వేయమంటుంది కూతురు. "పాతగ కనపడాలె అబ్బా. దీన్ల మనుషులు ఏండ్లకేండ్లు తిరిగిన్రు. పొగ పడ్తది, గీతలు పడ్తయి. తళతళ మెరిస్తే ఎవరు నమ్ముతరు?" హైదర్ రెండు రోజులు అలిగాడు. నా చేత్తో నేనే బండి పాడుచేసుకోవాల్నా అని గొణిగాడు. మూడో రోజు స్పాంజి ముక్క ముదురు ఎరుపులో ముంచి ఇంజిన్ల కింద అద్దితే, ఆ తుప్పు ఎంత బాగా కుదిరిందంటే, తిరుపతయ్య అనే డ్రైవరు లారీ దిగొచ్చి చూసి, "అరె హైదరన్నా, దీన్ని యాడ గుద్దిన్రు?" అన్నాడు. సుహానా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ అట్లాగే కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు నవ్వు ఎక్కువై అనుకున్నారు. ఏడాదిగా ఆ కడుపునొప్పి వస్తూ పోతూనే ఉంది, గ్యాస్ అన్నారు, కారం తగ్గించమన్నారు, రక్తం తక్కువుందని గోళీలు రాశారు, అవి మింగీ మింగీ పిల్ల సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది తప్ప రక్తం మాత్రం పట్టలేదు. పోయిన వారం కాలేజీ మెట్ల మీద పడిపోయింది.

సరే, చార. హైదర్ నౌక ముక్కుకు పైనా కిందా టేపు అంటించి, గోటితో అంచు నొక్కి, పొద్దున డబ్బా అడుగు గీరి సీసా మూతలోకి తీసి పెట్టుకున్న పసుపును అగ్గిపుల్లతో కలిపాడు. డబ్బా ఖాళీ కాగానే పాత ఇనుము బండికి వేసేశాడు. ఇట్లాంటి పసుపు ఇప్పుడు దొరకదు. గద్వాలలో ఒక రంగుల కొట్టు మూసేస్తుంటే నాలుగు డబ్బాలు తెచ్చి దాచుకున్నాడు, ఇదే ఆఖరిది. ఈ కాలపు పసుపు నీళ్ల మజ్జిగ, మూడు చేతులు పూసినా కింది రంగు తొంగి చూస్తుంది. పాత పసుపు ఒక్క చేతికే నిలబడుతుంది, ఎండకు వెలవదు, వానకు కరగదు. దాంట్లో ఏం కలిపేవాళ్లో గానీ చేతిలో డబ్బా కూడా బరువుగా ఉండేది. లారీ మీద చిలక కన్ను చుట్టూ, తామర పువ్వు నడుమా, బండి ఓనరు పేరు చివరి అంచుకూ తప్ప దాన్ని వాడేవాడు కాదు. "షిప్‌కు పాత పసుపే కావాలె," అని సుహానా అన్నప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. బిడ్డకు పెట్టనిది ఇంకెవరికి పెట్టుకుంటాడు?

రెండో నంబరు కుంచె తిన్నర్లో ఆడించి, గుడ్డకు తుడిచి, పెదాల మధ్య పెట్టి మెల్లగా లాగాడు. వెంట్రుకలన్నీ ఒక్కటై సూది మొన తేలింది. పసుపులో ముంచి, ఊపిరి బిగబట్టి, మొదటి గీత లాగాడు. ఎంత చక్కగా వచ్చిందో. మళ్లీ తిన్నరు, మళ్లీ గుడ్డ, మళ్లీ పెదాలు. నాలుక మీద జిడ్డు, దాని వెనక మట్టిలాంటి రుచి. నలభై ఏళ్లుగా ఎరిగిన రుచి, పొద్దున్నే చాయ్ రుచి ఎంతో ఇదీ అంతే. గద్వాలలో మాసయ్య ఉస్తాద్ దగ్గర పనికి చేరిన మొదటి వారమే నేర్పిన విద్య ఇది. "కుంచెకు మొన దుకాణంల దొరకదుర హైదరూ, పెదాల మీద పుడ్తది," అనేవాడు ఉస్తాద్. నోట్లో పెట్టకుండా గుడ్డతో మొన తీసేవాణ్ణి చూస్తే, వీడు బోర్డుకు రంగేస్తుండు గానీ రాస్తలేడు అని నవ్వేవాడు. ఆ ఉస్తాద్ చెయ్యి ఎట్లాంటి చెయ్యి! సినిమా హాలు గోడ మీద ఆరడుగుల అక్షరం కొలతకు తాడు కొట్టకుండా రాసిన చెయ్యి. చివరిసారి చూడబోయినప్పుడు ఆ చేతులు రెండూ మణికట్టు దగ్గర తెగినట్టు ఒళ్లో వేలాడుతున్నాయి. భార్య అన్నం కలిపి పెడుతోంది. నవ్వబోతే చిగుళ్ల అంచున నల్లటి గీత కనపడింది. వాతం అన్నారు, నూనె పెట్టి తోమారు, పొగాకు నమిలి పళ్లు నల్లబడ్డాయన్నారు. ఉస్తాద్ పొగాకు నమిలేవాడేనా? హైదర్ ఎంత తలుచుకున్నా ఆయన నోట్లో కుంచె తప్ప పొగాకు గుర్తుకు రాలేదు. తడి రంగు మీద పెట్టబోయిన వేలును వెనక్కి తీసుకున్నట్టు ఆ తలపును అక్కడే వదిలేసి గడియారం వైపు చూశాడు. మూడుంబావు.

చార ఆరేలోపు అద్దం అతికించుకోవచ్చని పటకారు అందుకున్నాడు. ముందు గదిలో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఆ బొమ్మకు రంగు వేసింది సుహానాయే. గోరంత మనిషి వేసుకున్న అంగీకి పసుపు, అంగీ మీద కుట్లకు నలుపు, టోపీ అంచుకు మళ్లీ పసుపు. నుదుటి మీద రెండు కనుబొమ్మలు కూడా పెట్టింది, భూతద్దంలో చూస్తే గానీ కనపడవు. ఊళ్లో ఎవరొచ్చినా హైదర్ మొదట ఆ డ్రైవర్నే చూపించాడు. "నా బిడ్డ చెయ్యి చూడున్రి, నాకన్న సన్నంగ తీస్తది," అన్నాడు. అంత సన్నం మొన ఎట్లా తీస్తుందో ఎవరూ అడగలేదు. అడిగితే ఏమని చెప్పేవాడు? ఈ అద్దం ఒకసారి అతికితే ఇక లోపలి మనిషి బయటికి రాడు. జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది, తెరవాలంటే పగలగొట్టాలి. అందుకే సుహానా దాన్ని చివరికి ఉంచింది. పోయిన నెల ఒకసారి పెట్టి చూద్దామని పటకారుతో పట్టుకుంటే, ఆమె చెయ్యి ఉన్నట్టుండి మణికట్టు దగ్గర వంగి కిందికి వాలింది. అద్దం బల్ల మీద పడింది. "చేతికి నిద్ర పట్టింది అబ్బా," అని నవ్వింది. ఎడమ చేత్తో కుడిచేతిని పైకెత్తి చూపించి మళ్లీ నవ్వింది. హైదర్ కూడా నవ్వాడు. ఇప్పుడు అద్దాన్ని గది మీద ఆనించి పట్టుకుని, జిగురు అంటించకుండా చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. హైవే మీద బరువు లారీ ఏదో పోతే రేకులు గడగడలాడాయి. చివరికి జిగురు రాసి నొక్కాడు. డ్రైవరు లోపల ఉండిపోయాడు.

డాక్టరమ్మ పేరు తేజస్విని. చిన్నది, సుహానాకు అక్కలా ఉంది. మంగళవారం నాడు అందరిలా కళ్లు చూసి, గోళ్లు చూసి వదిలెయ్యకుండా, సుహానా కింది పెదవి వేలితో లాగి టార్చి వేసి చూసింది. చూసిందేదో మళ్లీ చూసింది. "మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని గానీ రంగుల పని గానీ చేస్తారా?" అని అడిగింది. "నేను చేస్తమ్మా, లారీలకు రాస్త," అన్నాడు హైదర్. "అమ్మాయి రంగు దగ్గరికి వస్తుందా? రంగు నోట్లోకి పోయే అవకాశం ఏమైనా ఉందా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి." అతను నోరు తెరిచేలోపే పక్కనున్న రజియాబీ అందుకుంది: "లేదమ్మా. చిన్నప్పుడొకసారి చూసి లొల్లి చేసిన. మల్ల ఎన్నడు పెట్టలే. ఈయన నా బిడ్డ మీద ఒట్టేసిండు." అని అతని వైపు తిరిగింది. చెప్పు అన్నట్టు చూసింది. ఆ ముఖంలో అనుమానం ఉన్నా బాగుండేది, పూర్తి నమ్మకం ఉంది. "లేదమ్మా," అన్నాడు హైదర్. డాక్టరమ్మ సుహానాను చూసింది. సుహానా తండ్రిని ఒక్క క్షణం చూసి, పైన తిరగని ఫ్యాను వైపు చూపు తిప్పుకుని, "లేదు మేడమ్," అంది. డాక్టరమ్మ కాగితం మీద అప్పటికే ఏదో మాట రాసి ఉంది. పెన్నుతో దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. "అయితే ఆ రక్త పరీక్ష హైదరాబాద్‌కు పంపక్కర్లేదు. వేరే దిక్కున చూద్దాం, ఎముక గుజ్జు తీయాల్సి వస్తుంది," అంది. హైదర్ బతుకంతా గీతలు లాగినవాడు, గీతల్లో మంచీ చెడూ ఎరిగినవాడు. ఆ గీత మాత్రం కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

ఒట్టు సంగతి చెప్పాలి. సుహానాకు ఆరేళ్లప్పుడు, షెడ్డులో స్టూలు మీద నిలబడి లారీ తలుపు మీద పువ్వు వేస్తుంటే, రజియాబీ సద్ది తీసుకొచ్చి చూసింది. పిల్ల పెదాలు రెండూ పసుపు. గిన్నె అక్కడే పెట్టి, పిల్లను సంకనెత్తుకుని, కొంగుతో నోరు తోమి, లారీల వాళ్లందరి ముందే మొగుణ్ణి కడిగేసింది. "నువ్వు తింటె తిను, నీ గాచారం. నా బిడ్డతోని తినిపిస్తవా?" ఆ రాత్రి అన్నం పెట్టలేదు. పుట్టింటికి వనపర్తి పోతానని సంచి సర్దింది. చివరికి పిల్ల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది, ఇది మళ్లీ కుంచె నోట్లో పెట్టదు, నేను పెట్టనియ్యను అని. హైదర్ మనస్ఫూర్తిగానే వేశాడు. మర్నాడు సుహానా షెడ్డుకొచ్చి, గుడ్డతో మొన తీసి తీసి, చిలక ముక్కు కుదరక కళ్లనీళ్లు పెట్టుకుంది. తండ్రి వైపు చూసింది. అతను అటు తిరిగి డబ్బా మూత వెతుకుతున్నట్టు నటించాడు. మళ్లీ తిరిగేసరికి ముక్కు కుదిరింది, పిల్ల పెదవి మీద చుక్క ఉంది. అతనే గుడ్డతో తుడిచాడు. "అమ్మీకి చెప్పకు," అన్నాడు. అంతే. అదొక ముచ్చటైపోయింది ఇద్దరికీ. ఇంటికి పోయేముందు మూతి తుడుచుకోవడం, ఒకరి మూతి ఒకరు చూసుకుని నవ్వుకోవడం. దాన్ని అతను ప్రేమే అనుకున్నాడు. ప్రేమ కాదని ఇప్పటికీ అనలేడు.

మంగళవారం నుంచీ అతనికి నిద్ర లేదు. అయితే భయపడింది దేనికి? ఒట్టుకు. బిడ్డ తల మీద వేసిన ఒట్టు తప్పితే బిడ్డకే తగులుతుందని నానీ, అంటే అమ్మమ్మ, చెప్పేది, ఊరంతా చెప్పేది. అది తగిలిందనే అనుకున్నాడు. గురువారం ఊరి బయట దర్గాకు పోయి సమాధికి చాదర్ కప్పి, పచ్చదారం కట్టి, తప్పయింది, ఒట్టు విప్పు, నాకు తగిలించు, నా బిడ్డను విడిచిపెట్టు అని నేల మీద పడి ఏడ్చాడు. దర్గా చూసుకునే ముజావర్ ఊదు పొగ నెమలి ఈకలతో విసిరాడు. లేచి వచ్చేటప్పుడు ఎంత తేలికయ్యాడో. ఇంకేం, చెప్పుకోవలసిన చోట చెప్పుకున్నాననుకున్నాడు. రజియాబీ ఫోన్‌లో సంతోషపడింది కూడా, దర్గాకు పోయినవా, మంచిగ చేసినవ్ అంది. ఇప్పుడు బల్బు కింద కూర్చుని టేపు ఊడదీసి చార అంచు దిద్దుదామని కుంచె కడిగి, తుడిచి, పెదాల దాకా తెచ్చిన హైదర్ చెయ్యి అక్కడే ఆగింది. కుంచెలో పసుపు ఇంకా ఉంది. తిన్నర్లో ఎంత ఆడించినా, గుడ్డకు ఎంత తుడిచినా వెంట్రుకల మొదట్లో ఉంటూనే ఉంటుంది, అది అతనికి తెలియనిది కాదు. ఆ మిగిలింది ఎటు పోతుంది? నలభై ఏళ్లుగా ఎటు పోయింది? ఉస్తాద్ చిగుళ్ల మీద గీత. డాక్టరమ్మ పెదవి లాగి రెండుసార్లు చూసిన చోటు. మణికట్టు దగ్గర వాలిపోయిన చెయ్యి, చేతికి నిద్ర పట్టింది అబ్బా. డాక్టరమ్మ ఒట్టు గురించి అడగలేదు, రంగు గురించి అడిగింది. తనేమో రంగు సంగతి డాక్టరుకు దాచి, ఒట్టు సంగతి దర్గాలో చెప్పుకున్నాడు.

కుంచె బల్ల మీద పెట్టి చేతులు చూసుకున్నాడు. చెప్తే ఏమవుతుంది? రజియాకు తెలుస్తుంది. పదకొండేళ్లు రోజూ మూతి తుడుచుకుని ఇంటికొచ్చి ఆమె చేతి అన్నం తిన్నాడని తెలుస్తుంది. ఉంటుందా ఇక? ఒకవేళ రంగు కాదేమో, వట్టిదేమో, నలభై ఏళ్లు తిన్నాను నాకేమైంది, పెద్ద డాక్టర్లు, సూది పెట్టి చూస్తే వాళ్లకే తెలుస్తుంది కదా, ఇంతలో నేనెందుకు నోరు తెరిచి ఇల్లు కూల్చుకోవాలి. మనసు అట్లా ఎన్నో చెప్పింది. అన్నీ విన్నాడు. గడియారంలో ముల్లు నాలుగుకు పది నిమిషాల ఇవతల ఉంది. ఎముకలోకి దించే సూది ఎంత లావుంటుందో మొన్న వార్డులో పక్క మంచం ఆమె వేలు చూపించి చెప్పింది. అంతా చేసి అక్కడ ఏమీ దొరక్కపోతే? వేరే దిక్కున, ఇంకో వేరే దిక్కున వెతుకుతూ పోతారు. ఈ లోపల పిల్ల రక్తంలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చి మళ్లీ స్టూలు లాక్కుని కూర్చుంటుంది. కుంచె కడుగుతుంది, తుడుస్తుంది, అతని వైపు చూస్తుంది. హైదర్ లేచి తలుపు తీశాడు. గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. నౌక మీద దుమ్ము పడుతుందన్న ధ్యాస కూడా లేకుండా ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

ఎత్తింది సుహానా. "అబ్బా! షిప్ అయిపోయిందా?"

"అయిపోయింది బిడ్డా. అమ్మీ ఏది?"

"నర్సుతోని మాట్లాడుతుంది. తీస్కపోతరంట ఇప్పుడే." గొంతు తగ్గించింది. "అబ్బా, నాకు భయం లేదు. నేను ఏం చెప్పలే. నువ్వు గూడ చెప్పకు. అమ్మీకి తెలిస్తే నిన్ను ఇడిసిపెట్టి పోతది."

దానికీ తెలుసు. రంగేనని మంగళవారం నుంచే తెలుసు, తెలిసి తండ్రి కోసం ఎముకలో సూది పొడిపించుకోవడానికి సిద్ధపడి పడుకుంది. "ఫోన్ అమ్మీకియ్యి," అన్నాడు. "వద్దబ్బా." "ఇయ్యి సుహానా. నా మాటిను, ఒక్కసారి." ఏవో అడుగులు, గిన్నెల చప్పుడు, తర్వాత రజియాబీ ఊపిరి.

"రజియా, సూది ఆపమను. నేను అబద్ధం చెప్పిన. పిల్ల బ్రష్షు నోట్లె పెడ్తది. రోజు పెడ్తది. నేను చూస్తనే ఉన్న."

అవతల తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. "ఎప్పటి సంది?" అని మాత్రం అడిగింది.

"నువ్వు ఒట్టు పెట్టిచ్చుకున్న తెల్లారి సంది."

రజియాబీ ఫోన్ కింద పెట్టలేదు. "డాక్టరమ్మా, ఆగమ్మా, జర ఆగు," అని ఆమె వరండాలో పరుగెత్తడం వినపడింది. డాక్టరమ్మ ఫోన్ తీసుకుని ఏ రంగు, ఎన్నేళ్లు, రోజుకు ఎన్నిసార్లు అని ఒక్కొక్కటే అడిగింది. అడిగినదానికల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రోజుకు ఎన్నిసార్లు అన్నప్పుడు మాత్రం లెక్క తెలియదన్నాడు. "ఇవాళ సూది ఆపుతున్నాం. రక్తం హైదరాబాద్ పంపుతాను. ఆ రంగు కొంచెం తీసుకుని వెంటనే రండి, అందులో సీసం ఎంతుందో చూడాలి." "తగ్గుతదా అమ్మా?" "ముందు తీసుకురండి," అంది ఆమె.

సీసా మూతలో గోటితో గీరితే గోటికి కూడా రాలేదు. డబ్బా పొద్దున్నే బండెక్కి పోయింది. పాత పసుపు షెడ్డు మొత్తంలో మందంగా మిగిలిన చోటు ఒక్కటే, నౌక ముక్కు. పిల్ల కోసం మూడు నెలలు చేసిన బొమ్మను ఇప్పుడు దవాఖానలో బ్లేడు పెట్టి గీకుతారు. దాన్ని అట్టముక్క మీద నిలబెట్టుకుని, తడి చారకు ఏదీ తగలకుండా ఛాతీకి ఎడంగా పట్టుకుని, షెడ్డుకు తాళం కూడా వేయకుండా హైవే దాటాడు.

పాలమూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నౌకను మోకాళ్ల మీద పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. పక్కన ఒకామె ఏడాదిన్నర ఆడపిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంది. నౌకను చూసి ముచ్చటపడింది. "ఎంత మంచిగుందన్నా! ఎవరికి?" "నా బిడ్డకు," అన్నాడు. రజియా ఆ తర్వాత ఫోన్ చేయలేదు. తను చేస్తే ఎత్తుతుందో లేదో తెలియదు. పోయి వార్డు గుమ్మంలో నిలబడితే లోపలికి రానిస్తుందో లేదో తెలియదు. సుహానా ముఖం ఎట్లా చూడాలి, చెప్పకు అన్నా చెప్పావెందుకబ్బా అంటే ఏం చెప్పాలి అని అతను కిటికీలోంచి చూస్తుండగా అడ్డాకుల దాటింది బస్సు. పక్కనున్న పిల్ల మెల్లగా చెయ్యి చాపి, చూపుడువేలు తీసుకెళ్లి పసుపు చార మీద ఆనించింది. మెత్తగా తగిలింది దానికి. వేలు చూసుకుని నవ్వి, నోటి దగ్గరికి తీసుకుపోయింది.

"నోట్లె పెట్టకు!"

బస్సంతా వెనక్కి తిరిగింది. హైదర్ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నౌక మోకాళ్ల మీంచి జారి కాళ్ల దగ్గర పడింది. పిల్ల బెదిరి గుక్కపెట్టింది. "ఏందన్నా గట్లొర్రుతవు, చిన్నపిల్ల గాదా, ఇంత ముట్టుకుంటె నీ బొమ్మ అరిగిపోతదా?" అని తల్లి కోపగించుకుంది. అతను చొక్కా అంచుతో ఆ చిన్న వేలు తుడవడం మొదలుపెట్టాడు. గోటి సందు, వేలి గీతలు, మళ్లీ గోటి సందు. "పెట్టనియ్యకమ్మా, నోట్లె పెట్టనియ్యకు," అంటున్నాడు. పదకొండేళ్లలో సుహానాతో ఒక్కసారి కూడా అనని మాట, ఇప్పుడు నోటికి అదొక్కటే వస్తోంది. పిల్ల ఏడుపు మానేసి అతని కళ్లలోకి వింతగా చూస్తోంది. వేలి మీద రంగు ఎప్పుడో పోయింది. హైదర్ ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.